కారు ఆయిల్ చాంబర్ ఇంటి దగ్గరే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ రాసినవన్నీ ఇంజిన్ అడ్డంగా ఉండి, ముందు చక్రాలు లాగే చిన్న పెట్రోల్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, శాంత్రో, ఐ10 తరహా బండ్లన్న మాట. కొలతలు ఒక్కో మోడల్‌కు కొంచెం మారతాయి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

చాంబర్, సంప్, ఆయిల్ ప్యాన్: మూడూ ఒకటేనా?

ఒకటే. మెకానిక్ షెడ్‌లో "చాంబర్" అంటారు, స్పేర్ పార్ట్స్ బిల్లు మీద "ఆయిల్ ప్యాన్" అని వస్తుంది, కొందరు "సంప్" అంటారు. ఇంజిన్ అడుగున బోల్టులతో బిగించిన తొట్టి అది. బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ దాదాపు అంతా అందులోనే ఉంటుంది. తొట్టి అడుగుకు దగ్గరగా జాలీ మూతి ఉన్న గొట్టం ఒకటి దిగి ఉంటుంది, దాన్ని స్ట్రైనర్ అంటారు. పంపు ఆయిల్‌ను ఆ జాలీ గుండానే పీలుస్తుంది.

చాంబర్లు రెండు రకాలు: వంచిన ఇనుప రేకువి, పోత పోసిన అల్యూమినియంవి. అయస్కాంతం పెట్టి చూస్తే తేలిపోతుంది. ఇనుప రేకుకు దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, అల్యూమినియం పగులుతుంది. మీ బండికి ఏది ఉందో ముందే తెలుసుకోండి. ఊడదీసే తీరు, శుభ్రం చేసే తీరు దాన్నిబట్టే మారతాయి.

ఆయిల్ కారుతోంది. చాంబర్ నుంచేనని ఎలా నిర్ధారించుకోవాలి?

చాంబర్ అన్నిటికంటే కింద ఉంటుంది కాబట్టి పైన ఎక్కడ లీకైనా చుక్క అక్కడినుంచే పడుతుంది. టాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ఫిల్టర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, గేరుబాక్సు వైపున్న క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) సీలు... వీటిలో ఏది కారినా చాంబర్ తడుస్తుంది. చాంబర్ మార్చాక కూడా లీకు ఆగలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ముందు ఇంజిన్ కింది భాగాన్ని డీగ్రీజర్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. చాంబర్ అంచు చుట్టూ, ఫిల్టర్ దగ్గర, గేరుబాక్సు అతుకు దగ్గర టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. పదిహేను నిమిషాలు బండి నడిపి, కింద అట్ట పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద నల్లగా గీసినట్టు దారి కనిపిస్తుంది. ఆ దారి పట్టుకుని పైకి చూడండి. అంచు పైన పౌడర్ పొడిగా ఉండి, అంచు నుంచి కిందికే తడి ఉంటే చాంబర్ అతుకే కారుతున్నట్టు. డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దింపడానికి విప్పే బిరడా) చుట్టూ మాత్రమే తడి ఉంటే వాషర్ మార్చి ఊరుకోండి, చాంబర్ జోలికి పోనక్కర్లేదు.

స్పీడ్ బ్రేకర్‌కు తగిలి సొట్ట పడింది, లీకు మాత్రం లేదు. వదిలేయొచ్చా?

సొట్ట ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. పక్క గోడ మీద పడితే చూడ్డానికి వికారమే తప్ప నష్టం లేదు. అడుగున స్ట్రైనర్ కింద పడితే మాత్రం వదలకూడదు. జాలీకి, చాంబర్ అడుగుకు మధ్య ఖాళీ చాలా తక్కువ. సొట్ట లోపలికి పొడుచుకొస్తే జాలీ మూతి మూసుకుపోయి పంపుకు ఆయిల్ సరిగా అందదు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ నిండుగా కనిపిస్తుంది, ఐనా పైన బేరింగులు ఎండిపోతుంటాయి. దెబ్బ తగిలిన తర్వాత స్పీడు పెంచినప్పుడో, మలుపు తిరిగినప్పుడో ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమంటే ఇంక ఆలోచించొద్దు, దింపి చూడాల్సిందే.

దారిలో రాయి తగిలి ఆయిల్ కారిపోతోంది. అప్పుడు?

మీటర్లో అల్లావుద్దీన్ దీపంలా ఉండే ఎర్ర గుర్తు వెలిగిందంటే ఆయిల్ ప్రెషర్ పోయిందని అర్థం. ఆయిల్ తగ్గబోతోందని ముందుగా చేసే హెచ్చరికగా దాన్ని తీసుకోకండి. బండి పక్కకు లాగి వెంటనే ఇంజిన్ ఆపండి. "ముందు ఊళ్లో మెకానిక్ ఉన్నాడు, రెండు కిలోమీటర్లే" అనుకుని నడిపితే చాంబర్ ఖర్చుతో పోయేది క్రాంక్, బేరింగుల దాకా వెళ్తుంది. తాడు కట్టి లాగించండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సొంత నష్టానికి కవరేజీ ఉన్న పాలసీలో తగిలి పగిలిన చాంబర్‌కు క్లెయిమ్ చేసుకోవచ్చు. ఆయిల్ లేకుండా నడపడం వల్ల ఇంజిన్ పట్టేస్తే మాత్రం అది "పర్యవసాన నష్టం" కిందికి వస్తుంది, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ లేకపోతే మామూలు పాలసీలో రాదు. క్లెయిమ్ చేసే ఉద్దేశం ఉంటే ఒక్క బోల్టు కూడా విప్పకముందే ఫొటోలు తీసి కంపెనీకి చెప్పండి. విప్పేశాక సర్వేయర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు.

ఎమ్‌సీల్ పెడితే ఆగదా? సబ్బు రుద్దితే?

సన్న పగులైతే ఎమ్‌సీల్ ఇంటికి చేరేదాకా ఆపొచ్చు. అదీ ఆయిల్ మొత్తం తీసేసి, పగులు చుట్టూ జిడ్డు పోగొట్టి, గరుకు చేసి పెడితేనే. కారుతున్న ఆయిల్ మీద పెడితే పట్టు దొరకదు. సబ్బు పెట్రోలు ట్యాంకు చెమ్మకు పనికొచ్చే పాత చిట్కా, వేడెక్కే చాంబర్ మీద నిలవదు.

అల్యూమినియం చాంబర్‌కు ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతారు. కానీ ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చుకున్న పోత లోహంలో వెల్డింగ్ బుడగలు తేలుతుంది, వేడికి అంచు వంకర పోవచ్చు. కొత్తది దొరకని పాత బండి అయితే తప్ప మా సలహా మార్చుకోవడమే. ఏది చేయించినా చాంబర్ బండికి ఉండగా వెల్డింగ్ చేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది నిప్పుతో చెలగాటం.

నా బండికి ఇంట్లో చేసుకోగలనా?

కింద పడుకుని టార్చి వేసి చాంబర్ అంచు చుట్టూ చూపు తిప్పండి. ప్రతి బోల్టూ కనిపిస్తోందా, సాకెట్ అందుతుందా? చాంబర్ నిలువుగా కిందికి రావడానికి దారి ఉందా? సైలెన్సర్ ముందు గొట్టం ఒక్కటే అడ్డమైతే పర్వాలేదు, దాన్ని దింపొచ్చు. ఇంజిన్ కింద క్రాస్‌మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) అడ్డంగా ఉండి, ఇంజిన్‌ను పైకెత్తితే తప్ప చాంబర్ రాదనిపిస్తే అది ఇంటి పని కాదు. కొన్ని ఇంజిన్లలో చాంబర్ రెండు ముక్కలుగా ఉంటుంది: పైన అల్యూమినియం ముక్క, కింద చిన్న రేకు తొట్టి. కింది తొట్టి వరకు ఇంట్లో తేలికే. పై ముక్క మాత్రం గేరుబాక్సుకు కూడా బిగించి ఉంటుంది, దాని జోలికి పోకండి.

ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కొత్త చాంబర్ కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీయించండి, ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి ఇంజిన్ మారిపోతుంది. డ్రెయిన్ ప్లగ్, దాని వాషర్ కొత్త చాంబర్‌తో వస్తాయో లేదో అడగండి. వాషర్ ఎలాగూ కొత్తదే వేయాలి.

దాంతో పాటు ఆయిల్ ఫిల్టర్, మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్ (చాలా చిన్న కార్లకు 3 నుంచి 3.5 లీటర్లు పడుతుంది), ప్యాకింగ్ లేదా ఆర్‌టీవీ సిలికాన్ పేస్టు, స్ట్రైనర్‌కు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు), రెండు డబ్బాల బ్రేక్ క్లీనర్. పనిముట్లలో 10 నంబరు సాకెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్, రాచెట్, డ్రెయిన్ ప్లగ్‌కు సరిపడే రింగు పానా, వీలైతే చిన్న టార్క్ రెంచి (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా). ఇవి కాక ఫిల్టర్ రెంచి, గోడలకు లప్పం పట్టే పలచటి రేకు, ప్లాస్టిక్ గీకుడు పుల్ల, అయిదు లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు. కళ్లద్దాలు ఎందుకనుకోవద్దు. వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ గీకితే రాలే మురికంతా కళ్లలోకే.

బండి పైకి లేపడం ఎలా?

ఒక్క జాకీ మీద ఆన్చి కిందికి దూరకూడదు. బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికే. ముందు వైపు జాకీతో లేపి, మాన్యువల్ చూపించిన చోట రెండు పక్కలా జాకీ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాలి. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ పెట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. అవి పగలబోతున్నట్టు ముందుగా ఏ సూచనా ఇవ్వవు, ఒక్కసారిగా పిండి అవుతాయి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ముందు చక్రాలు లాగే బండిలో ముందు వైపు లేపితే, బండిని గేరులో పెట్టినా లాభం లేదు. గేరు పట్టుకునేది ముందు చక్రాలనే, అవి గాలిలో ఉన్నాయి. బండిని ఆపి ఉంచేది హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు పెట్టిన అడ్డు మాత్రమే. అందుకే వెనక రెండు చక్రాలకూ ముందూ వెనకా చెక్కలు పెట్టండి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మట్టి నేలైనా, ఎండాకాలం మెత్తబడిన తారు రోడ్డైనా స్టాండు కాళ్లు దిగబడతాయి, కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. దూరేముందు బండిని భుజంతో రెండుసార్లు గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదటినుంచి.

ఎంత సమయం పడుతుంది?

చేతులు కదిలే సమయం మూడు నాలుగు గంటలు, మిగిలిందంతా ఎదురుచూపు. శనివారం సాయంత్రం ఆయిల్ తీసి చాంబర్ దింపడం, ఆదివారం పొద్దున శుభ్రం చేసి బిగించడం, సోమవారం పొద్దున ఆయిల్ పోయడం. ఇలా వేసుకుంటే పని తాపీగా, సరిగా జరుగుతుంది. "ఒక్క పూటలో అయిపోతుంది" అని మొదలుపెట్టేవాళ్లు రెండోసారి పేస్టు కొంటారు.

చాంబర్ దింపే వరస చెప్పండి.

ఇంజిన్‌ను అయిదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే త్వరగా దిగుతుంది. కాలిపోయేంత వేడి వద్దు, ప్లగ్ ఊడిన క్షణంలో ఆయిల్ చేతిమీదుగానే వస్తుంది. బండిని స్టాండ్ల మీదికి ఎక్కించి బ్యాటరీ మైనస్ తీసేయండి. పైన ఆయిల్ మూత తెరిచి, కింద డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ధార ముందు దూరంగా పడి, తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది, తొట్టిని దాన్నిబట్టి జరపాలి. ఇరవై నిమిషాలయ్యాక ఫిల్టర్ కూడా తీసేయండి. ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూసుకోండి. దాని మీద కొత్త ఫిల్టర్ పెడితే స్టార్ట్ చేయగానే ఆయిల్ చిమ్ముతుంది.

సైలెన్సర్ గొట్టం అడ్డమైతే దాని బోల్టులకు ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. గొట్టానికి ఆక్సిజన్ సెన్సర్ వైరు ఉంటే బరువు దాని మీద పడకుండా గొట్టాన్ని తీగతో పైకి కట్టండి. చాంబర్‌కూ గేరుబాక్సుకూ మధ్య బ్రాకెట్, రేకు మూత లాంటివి ఉంటే అవీ తీయాలి.

ఇక చాంబర్ బోల్టులు. చాలా ఇంజిన్లలో ఇవి ఎం6 (6 మిల్లీమీటర్ల లావు) బోల్టులు, 10 నంబరు తల. పాత క్యాలెండర్ అట్ట మీద చాంబర్ ఆకారం గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చండి. ఒకటో రెండో పొడవు తేడా ఉంటాయి. పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు ఎక్కిస్తే పోయేది ఇంజిన్ బ్లాకు థ్రెడ్. ఎదురెదురు మూలల్లో రెండు బోల్టులను పూర్తిగా తీయకుండా నాలుగైదు చుట్లు వదులు చేసి ఉంచండి. లేకపోతే పేస్టు వదిలిన క్షణంలో చాంబర్, అందులో మిగిలిన ఆయిల్ కలిసి మీ మొహం మీద పడతాయి. ప్లగ్ తీసినా అడుగున కొంత ఆయిల్ మిగిలే ఉంటుంది.

బోల్టులన్నీ తీశాను, చాంబర్ కదలడం లేదు. స్క్రూడ్రైవర్ దూర్చనా?

వద్దు. ముఖ్యంగా అల్యూమినియం అయితే స్క్రూడ్రైవర్ చేసిన గాడి శాశ్వతం, లీకు అక్కడే మొదలవుతుంది. అంచులో మీటడానికని పోతలోనే వదిలిన పొడవాటి గాడి ఉందేమో చూడండి. చాలా చాంబర్లకు ఒకటో రెండో ఉంటాయి, అక్కడ మాత్రమే మీటొచ్చు. లేకపోతే లప్పం రేకును ఒక మూలన అతుకులోకి దూర్చి, చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ అంచు వెంట పక్కకు నడిపించండి. ఒక మూల వదిలాక చెక్క ముక్క ఆనించి రబ్బరు సుత్తితో పక్కనుంచి కొడితే మిగతాది తెగి వస్తుంది. కదలకపోతే ముందు చేయాల్సిన పని బోల్టులు మళ్లీ లెక్కపెట్టడం. మట్టి కప్పేసిన బోల్టు ఒకటి మిగిలే ఉంటుంది, తరచుగా గేరుబాక్సు వైపు.

దింపాక లోపల ఏం చూడాలి?

పాత చాంబర్ అడుగున మిగిలిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద వంపి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటుకునే సన్నటి నూగు కొద్దిగా ఉంటే కంగారు లేదు. మెరిసే రేకుల్లాంటి పలుకులు, రాగి రంగు తునకలు కనిపిస్తే బేరింగులు అరిగినట్టు. చాంబర్ మార్చి ఊరుకుంటే సరిపోదు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆయిల్‌లో నీళ్లు చేరాయి, హెడ్ ప్యాకింగ్ వైపు చూడాలి. నల్లటి గ్రీజులా పేరుకుని ఉంటే ఆయిల్ మార్చడం ఆలస్యం చేశారని అర్థం.

స్ట్రైనర్ జాలీలో పాత పేస్టు ముక్కలు చిక్కుకున్నాయేమో తప్పకుండా చూడండి. దాన్ని విప్పి కడిగి, ఓ-రింగు కొత్తది వేసి బిగించండి. పాత ఓ-రింగు గట్టిపడి ఉంటే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది.

కంపెనీది కాని చాంబర్ కొన్నా, సొట్ట తీయించిన పాతదే వేస్తున్నా లోతు ఒకసారి కొలుచుకోండి. పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్దను పాలిథిన్ కవర్లో చుట్టి చాంబర్ అడుగున స్ట్రైనర్ వచ్చే చోట ఉంచి, పేస్టు లేకుండా చాంబర్‌ను నాలుగు బోల్టులతో బిగించి మళ్లీ దింపండి. ముద్ద ఎంత మందాన నొక్కుకుపోయిందో అంతే ఖాళీ. కాగితంలా పలచబడితే ఆ చాంబర్ వాడొద్దు. కొలిచాక ముద్ద మొత్తం తిరిగి వచ్చిందని చూసుకుని పారేయండి.

అంచు ఎంత శుభ్రంగా ఉండాలి?

మొత్తం పనిలో గెలుపోటములు తేలేది ఇక్కడే. పేస్టు ఆయిల్ మీద పట్టదు. గోటి చివర అంత ఆయిల్ తడి ఉన్నా, ఆ చోట కొత్త పేస్టు అతికినట్టు కనిపిస్తుందే గాని అతకదు. శనివారం దింపి ఆదివారం బిగించమన్నది అందుకే. చాంబర్ దింపాక కూడా క్రాంక్, బ్లాకు గోడల నుంచి చుక్క చుక్క దిగుతూనే ఉంటుంది, పొద్దునకు ఆగుతుంది.

పాత పేస్టును ప్లాస్టిక్ పుల్లతో గీకండి. ఇనుప చాంబర్ అంచు మీదైతే ఇనుప రేకు వాడొచ్చు, కానీ పైన బ్లాకు అంచు చాలా బండ్లలో అల్యూమినియమే, అక్కడ మాత్రం వద్దు. ఉప్పు కాగితం, డ్రిల్లుకు పెట్టే గరుకు డిస్కులు బ్లాకు దగ్గరికే రానివ్వకండి. వాటినుంచి రాలే పొడి ఆయిల్‌తో కలిసి బేరింగులను అరగదీస్తుంది. బోల్టు రంధ్రాల్లోని ఆయిల్‌ను కూడా గుడ్డ ఒత్తి తీసేయండి.

చివరగా బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో రెండు అంచులూ తుడవండి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా, ప్రతిసారీ కొత్త మడతతో. కాటన్ వేస్ట్ పీచు వదులుతుంది, ఉతికిన పాత పంచె గుడ్డ మేలు. డీజిల్, కిరోసిన్‌తో మురికి పోతుంది కానీ జిడ్డు పొర మిగులుతుంది, కాబట్టి వాటితో ఆపేయొద్దు. పెట్రోలు అసలే వద్దు, బండి కింద ఆవిరి పేరుకుంటుంది. తుడిచాక అంచును వేలితో తాకకండి.

ప్యాకింగ్ వేయాలా, పేస్టు పెట్టాలా? రెండూ పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?

బండి తయారైనప్పుడు ఏది ఉందో అదే. పేస్టుతో వచ్చిన చాంబర్‌కు ప్యాకింగ్ కత్తిరించి వేయొద్దు. రబ్బరు ప్యాకింగ్‌తో వచ్చినదానికి చుట్టూ పేస్టు పూయొద్దు. పేస్టు తడి మీద రబ్బరు జారి, బిగించేటప్పుడు పక్కకు పిండుకుపోతుంది. ఒక్క మినహాయింపు: బ్లాకుకు టైమింగ్ కవర్ కలిసే చోట, వెనక క్రాంక్ సీలు మూత కలిసే చోట రెండు పక్కలా సన్న గీతలాంటి అతుకు ఉంటుంది. ఆ నాలుగు చోట్ల శనగ గింజంత పేస్టు పెట్టాలి.

పేస్టు అంటే ఇంజిన్ ఆయిల్‌ను తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్. మెకానిక్‌లు అనాబాండ్ అనే పేరుతోనే అడుగుతారు. గడువు తేదీ చూసి కొనండి. బాత్రూమ్ సందులకు కొట్టే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పనికిరాదు.

పేస్టు ఎంత పెట్టాలి?

మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు, అగ్గిపుల్ల కంటే కాస్త ఎక్కువ. ఎక్కడా తెగకుండా ఒకే గీత. బోల్టు రంధ్రాల దగ్గర గీత లోపలి వైపు నుంచి వెళ్లాలి. రంధ్రానికి బయట పోతే ఆయిల్ బోల్టు వెంట కిందికి దిగుతుంది. మొదలు, చివర ఒకదానిపై ఒకటి సెంటీమీటరు ఎక్కాలి.

ఎక్కువ పెడితే మంచిదనుకోవడమే అసలు ప్రమాదం. బయటికి పిండుకొచ్చింది కనిపిస్తుంది, సరిగ్గా అంతే లోపలికీ పిండుకుంటుంది. అది గట్టిపడ్డాక తీగలా తెగి ఆయిల్‌లో తేలుతూ జాలీకి అడ్డం పడుతుంది.

పేస్టు పెట్టాక పది నిమిషాల్లోపే చాంబర్ ఎక్కించాలి. పైన పొర కట్టిందంటే అతుకు పోయినట్టే, తుడిచి మళ్లీ పెట్టాలి. రెండు మూలల్లో తల తీసేసిన పొడుగు ఎం6 బోల్టులను దారిచూపే కడ్డీల్లా ముందే చేత్తో తిప్పి ఉంచితే, చాంబర్ అటూఇటూ జరగకుండా నిలువుగా ఎక్కుతుంది, పేస్టు చెరిగిపోదు. ఈ చిన్న ఏర్పాటు చేసుకోనివాళ్లే ఎక్కువ.

బోల్టులు ఎంత బిగించాలి? టార్క్ రెంచి లేదు.

చాంబర్ బోల్టులకు చాలా ఇంజిన్లలో 9 నుంచి 12 న్యూటన్ మీటర్లు. పది న్యూటన్ మీటర్లంటే పది సెంటీమీటర్ల పానా కొసన పది కిలోల సంచి వేలాడదీసినంత. పొట్టి పానా తీసుకుని మణికట్టు బలంతో బిగించండి, భుజం వాడొద్దు. అన్నిటినీ ముందు చేత్తో తిప్పి, తర్వాత నడుమ నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా చివరలకు వెళ్తూ రెండు విడతల్లో పూర్తి చేయండి.

గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనే నమ్మకం చాంబర్ విషయంలో తిరగబడుతుంది. ఇనుప రేకు అంచు బోల్టు దగ్గర పైకి గుంట పడి, రెండు బోల్టుల నడుమ కిందికి వంగి ఖాళీ వదులుతుంది. పాత రేకు చాంబరే వేస్తుంటే ముందు అంచును చదునైన చెక్క మీద పెట్టి ఆ గుంటలను సుత్తితో సరి చేయండి.

డ్రెయిన్ ప్లగ్‌కు సాధారణంగా 30 నుంచి 40 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పానా కొసన సుమారు 14 కిలోల బలం.

డ్రెయిన్ ప్లగ్ థ్రెడ్ పోయింది. దానికోసం చాంబర్ మార్చాలా?

అక్కర్లేదు. ఒక సైజు పెద్ద ప్లగ్ వేసి కొత్త థ్రెడ్ తీయొచ్చు, లేదా లోపల ఉక్కు థ్రెడ్ చుట్ట కూర్చోబెట్టొచ్చు. కానీ థ్రెడ్ తీసినప్పుడు రాలే ఇనుప రజను చాంబర్‌లోకే పోతుంది కాబట్టి దింపి చేయించడమే మేలు. దింపాక చాంబర్ ధర కనుక్కుని నిర్ణయించుకోండి. రేకు చాంబర్ అయితే కొత్తదే లాభసాటి కావచ్చు.

ఆయిల్ ఎప్పుడు పోయాలి, ఎలా?

పేస్టు గట్టిపడటానికి ట్యూబు మీద రాసిన సమయం గడిచాక. రాత్రంతా ఆగితే ఏ ట్యూబుకైనా నిశ్చింత. ఈ పేస్టు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. హీట్ గన్‌తో ఎండబెడదామని చూడకండి. ప్యాకింగ్ రకమైతే వెంటనే పోయొచ్చు.

కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ రాసి చేత్తో తిప్పండి. రింగు తగిలాక ముప్పావు చుట్టు చాలు. ఆయిల్‌ను మాన్యువల్ చెప్పినదానికంటే అర లీటరు తక్కువ పోసి, బండి నేల మీదికి దించి, బ్యాటరీ మైనస్ తిరిగి కలిపి స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఎర్ర లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. రెండు నిమిషాలు నడిపి ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. పై గీత దాటిస్తే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగకు ప్రెషర్ రాదు.

పది సెకన్లైనా లైటు ఆరలేదు!

ఆపేయండి. ఆయిల్ నిజంగా పోశారా, డిప్‌స్టిక్ చూడండి. నవ్వులాట కాదు, జరుగుతుంది. ఆయిల్ ఉంటే ప్రెషర్ స్విచ్ వైరు ఊడిందేమో చూడండి. అదీ సరిగా ఉంటే స్ట్రైనర్ ఓ-రింగు మరిచిపోయి ఉండాలి, లేదా చాంబర్ అడుగు జాలీకి తగులుతూ ఉండాలి. మళ్లీ దింపక తప్పదు.

వారం తర్వాత అంచు చెమ్మగా ఉంది. బోల్టులు ఇంకాస్త బిగించనా?

ప్యాకింగ్ రకమైతే ఒకసారి చెప్పిన టార్క్‌కు సరిచూడొచ్చు. పేస్టు రకమైతే వద్దు. గట్టిపడిన పేస్టు మీద బోల్టు తిప్పితే అది లోపల చీలుతుంది, చెమ్మ చుక్కగా మారుతుంది. ముందు పౌడర్ పరీక్ష మళ్లీ చేయండి. పని చేసినప్పుడు క్రాస్‌మెంబర్ మీద ఒలికిన ఆయిల్ కొన్నాళ్లు అలాగే కారి మోసం చేస్తుంది.

తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. మూత ఉన్న డబ్బాలో పోసి, ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో ఇవ్వండి. అనుమతి ఉన్న రీసైక్లర్లు అక్కడినుంచి తీసుకెళ్తారు. ఊళ్లలో సెంట్రింగ్ చెక్కలకు, చెదలకు పూయడం మామూలే. అది నేలలోకి, బావిలోకి చేరే ఆయిలే. మురుగు కాలువలో పోయడం అంతకన్నా ఘోరం. ఫిల్టర్‌ను బోర్లించి రాత్రంతా ఆయిల్ కారనిచ్చి దాంతోపాటే ఇవ్వండి.

మళ్లీ తగలకుండా కింద గార్డు వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు, రెండు షరతులతో. డ్రెయిన్ ప్లగ్, ఫిల్టర్ అందేలా రంధ్రాలుండాలి, గార్డు బరువు చాంబర్ మీద కాకుండా ఛాసిస్ మీద ఆగాలి. చాంబర్‌కు ఆనుకుని ఉండే గార్డు దెబ్బను నేరుగా చాంబర్‌కే అందిస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన చిన్న కార్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీగా ఉన్నప్పుడు 16, 17 సెంటీమీటర్లు. ఆ లెక్కన అసలు తగలకూడదు. ఊరి మొదట్లో ఎవరికి వారు పోసుకున్న నిటారు దిబ్బకు ఈ కొలతలు పట్టవు, అయిదుగురు మనుషులు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఉన్న బండి అంత ఎత్తున ఉండదు. అలాంటి చోట దిబ్బకు ముందే వేగం పూర్తిగా తగ్గించి, చక్రం ఎక్కే సమయానికి బ్రేకు మీద నుంచి కాలు తీసేయండి. బ్రేకు తొక్కి ఉంటే బండి ముక్కు కిందికి వంగి ఉంటుంది, చాంబర్ ఉన్నది ఆ ముక్కు కిందే. జాగా ఉంటే కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించండి.